అంత్యక్రియలు తప్పిన రీలు పెట్టె

నేను ఒక రీలు పెట్టెను. ఈ కాలం వాళ్లకు రీలంటే ఫోనులో బొటనవేలితో పైకి తోసేసే అర నిమిషం బొమ్మ కాబట్టి, నా సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. నా రోజుల్లో సినిమా అంటే పదహారు చుట్టల ఫిల్ము. ఒక్కో చుట్టను ఒక్కో గుండ్రటి డబ్బాలో పెట్టి, ఆ డబ్బాలన్నిటినీ ఒక రేకు పెట్టెలో సర్ది, బస్సు మీదో రైల్లోనో ఊళ్లకు పంపేవారు. ఆ రేకు పెట్టెను నేను. ఆరు పాటలు, నాలుగు కొట్లాటలు, ఒక చావు, చివర్న ఒక పెళ్లి, అన్నీ నా కడుపులో చల్లగా పడుకుని ప్రయాణం చేసేవి.

నన్ను మద్రాసులో, కోడంబాకం వెనక సందులో, మునుసామి అనే రేకు పనివాడు చేశాడు. సినిమాలకు పెట్టెలు చేస్తూ బతికినవాడు ఒక్క సినిమా కూడా చూసేవాడు కాదు, చీకట్లో కూర్చుంటే నిద్ర వస్తుందట. మూలలు గట్టిగా అతికాడు గానీ, ఎడమ వైపు గొళ్లెం రవ్వంత పొట్టిగా కోశాడు. ఆ లోపం వల్ల, బొటనవేలితో ఎడమ పక్క నొక్కితే తప్ప నా మూత తెరుచుకోదు. చివరగా ఎర్ర రంగుతో మూత మీద ఒక అచ్చు వేశాడు: "ఈ పెట్టెలోని ఫిల్మును అనుమతి లేకుండా ప్రదర్శించుట నేరము." మునుసామికి తెలుగు రాదు కాబట్టి ఆ మాట అతనికి అర్థం కాలేదు. తెలుగు వచ్చినవాళ్లకు మాత్రం అర్థమైందా అంటే, ఇన్నేళ్ల అనుభవంతో చెబుతున్నాను, నాకు అనుమానమే.

డెబ్బై ఆరులో ఉయ్యూరు చేరాను. అక్కడ సుభాషిణి టాకీసును లీజుకు తీసుకున్న ఆయన పేరు రంగనాయకులు. అప్పటికి ఇరవై రెండేళ్లు, సన్నగా, నూనె రాసిన జుట్టుతో, ఎక్కడా ఒక్క నిమిషం నిలబడని మనిషి. కొత్త సినిమా వచ్చిన ప్రతిసారీ నన్ను బస్సు మీద నుంచి డప్పులతో దించేవారు. పసుపు రాసి, కుంకుమ పెట్టి, దండ వేసి, కొబ్బరికాయ కొట్టేవారు. సొంత అత్తగారికి కూడా రంగనాయకులు అంత మర్యాద చేసి ఉండరు.

నాతో పాటు సినిమా కంపెనీ తరఫున ఒక రిప్రజెంటేటివ్ కూడా దిగేవాడు. పెట్టె మీద కన్ను వేసి ఉంచడం, ఒప్పందం ప్రకారం ఒక్క హాల్లోనే సినిమా ఆడేలా చూడడం అతని పని. రంగనాయకులు అతనికి రోజూ సాయంత్రం కోడి పలావు తెప్పించేవారు. అతను ఆ పలావు తిని, కిళ్లీ వేసుకుని, కునుకు తీసి లేచేలోపు, ఆడేసిన రీళ్లు రెండేసి చొప్పున నాలో సర్దుకుని, నన్ను సైకిలు వెనక కట్టుకుని, రంగనాయకులు స్వయంగా తొక్కుకుంటూ ఆకునూరు వెళ్లేవారు. అక్కడ ఆయనదే ఒక డేరా టాకీసు ఉండేది. ఒకే సినిమా, ఒకే పూట, రెండు ఊళ్లలో. కంపెనీకి తెలిసింది ఒక ఊరే.

ఒకనాడు చెరుకు తోటల మధ్య టైరు పంక్చరైంది. డేరాలో జనం గొడవ చేస్తుంటే, కంగారులో ఎనిమిదో రీలు ఉండగా తొమ్మిదో రీలు ముందు వేశారు. చచ్చిపోయిన విలను మళ్లీ లేచి వచ్చి హీరోయిన్ను ఎత్తుకుపోయాడు. జనం ఈలలు వేసి ఆనందించారు తప్ప ఒక్కరూ తప్పు పట్టలేదు.

ఇది దొంగతనం కదా అని మీరు అడగవచ్చు. సుభాషిణి టాకీసులో ప్రొజెక్టరు మెషీను తిప్పే ఆపరేటరు దేవదానం కూడా ఒకసారి అడిగాడు.

"దొంగతనం ఏందయ్యా? అడ్జస్ట్‌మెంటు!" అన్నారు రంగనాయకులు, సైకిలు చైనులో చిక్కకుండా ప్యాంటుకు క్లిప్పు పెట్టుకుంటూ. "సినిమా ఏమన్నా అరిగిపోద్దా? నలుగురూ చూస్తే పుణ్యం."

ఈ మాట గుర్తుంచుకోండి. ఆయన మరిచిపోయారు, నేను మరిచిపోలేదు.

దేవదానం గురించి చెప్పకుండా నా కథ లేదు. గొళ్లెం కిటుకు మొదటిరోజే కనిపెట్టినవాడు అతనొక్కడే. మిగతావాళ్లు నన్ను తన్నేవారు, స్క్రూడ్రైవరుతో పొడిచేవారు. అతను బొటనవేలు ఆనించి, "రా తల్లీ" అనేవాడు, నేను తెరుచుకునేదాన్ని. మెషీను గదిలో చప్పుడుకు ఏమీ వినబడేది కాదు. అందుకని ఆటకు ముందు నన్ను ఖాళీ చేసి, తన చిన్న ట్రాన్సిస్టరును నాలో పెట్టేవాడు. రేకు గోడలు తగిలి ఆ కీచుగొంతు గదంతా మోగేది. అలా పాటలు విన్నాం, ఎన్నికల ఫలితాలు విన్నాం, క్రికెట్టు ఓటములు లెక్కలేనన్ని విన్నాం.

అతని భార్య సలోమి నాటకాలు వేసేది. మనిషి పొట్టి, గొంతు మాత్రం మైకు అక్కర్లేనిది. టికెట్ల కిటికీ దగ్గర నిలబడి "ఏమయ్యో, అన్నం చల్లారిపోతంది" అంటే మేడ మీద మెషీను గదిలో వినబడేది, ఆ మెషీను రొదలో కూడా. దేవదానానికి చెముడు రాకపోవడానికి దేవుడి దయే కారణమని హాల్లో వాళ్లు నవ్వుకునేవారు. అతను మాత్రం ఆ కేక కోసం చెవి వంచి ఉండడం నేను చూశాను.

ఎనభై ఏడులో రంగనాయకులు నిర్మాత అయ్యారు. సినిమా పేరు 'ఏటి ఒడ్డున ఎర్రబస్సు'. అందులో బస్సు ఎక్కే ఆడమనిషి వేషం ఒకటి ఉంటే, బయటివాళ్లకు ఎందుకు డబ్బివ్వాలని సలోమిని పిలిచారు. చంకలో కోడితో బస్సెక్కుతుంది. కండక్టరు కోడికి టికెట్టు అడుగుతాడు. ఆమె ఒక్క మాట అంటుంది: "కోడిక్కూడా టిక్కెట్టేందయ్యా, అదేమన్నా కిటికీ పక్కన కూకుంటదా?" అంతే. ఏడో రీలు. గొంతు కూడా ఆమెదే, వేరేవాళ్లతో చెప్పించడానికి డబ్బు చాలలేదు.

సినిమా ఎనిమిది రోజులు ఆడింది. రోజుకు మూడాటల చొప్పున, ఇరవై నాలుగుసార్లు, ఏడో రీలు వచ్చేసరికి దేవదానం గోడలోని చూపుడు కన్నానికి ముఖం ఆనించి నిలబడేవాడు. ఇరవై నాలుగుసార్లూ నవ్వాడు. ఆఖరి ఆట అయ్యాక ఏడో రీలు చివర సలోమి ఉన్న నాలుగు బొమ్మల ముక్క కత్తిరించి జేబులో వేసుకున్నాడు. నా మూత మీది ఎర్ర అక్షరాల్లో రాయలేదు గానీ, అదీ నేరమే. ఆ ముక్కను తన బైబిల్లో దాచుకున్నాడు. ఆ ఫిల్ము అంచున సన్నటి గీతలుంటాయి, ఆ గీతల్లోనే మాట ఉంటుంది. సలోమి గొంతు అతని బైబిల్లో ఉందన్న మాట, వినడానికి మాత్రం వీలు లేదు.

తరవాత ఆ పదహారు రీళ్ల గతి ఏమైందో దేవదానానికి తెలియదు, నాకు తెలుసు. ఒక మధ్యాహ్నం గాజుల తయారీవాడు గోనెసంచితో వచ్చాడు. ఆడని సినిమా ఫిల్మును కరిగించి గాజులు చేసేవారు ఆ రోజుల్లో. రంగనాయకులు నన్ను తెరవలేక తన్ని తెరిచి, రీళ్లన్నీ అతనికి ఇచ్చేశారు. కొన్నాళ్లకు మద్రాసులో ల్యాబు మూతపడి, అసలు నెగటివు కూడా చెత్తలో కలిసింది. తన మొదటి సినిమా బెజవాడ ఆడవాళ్ల చేతుల మీద కొన్నాళ్లు గలగలలాడి పగిలిపోయిందన్న సంగతి ఆయన ఎవరితోనూ చెప్పలేదు. తక్కిన సినిమాలు ఆడాయి, ఆయన పెద్దవారయ్యారు, నన్ను బెజవాడ గాంధీనగర్‌లోని తన ఆఫీసుకు తెచ్చి టీ గ్లాసులు పెట్టుకునే బల్లగా చేసుకున్నారు.

అక్కడ కూర్చుని నేను విన్నన్ని చావు కబుర్లు ఏ డాక్టరూ విని ఉండడు. మొదట వీడియో క్యాసెట్టు వచ్చింది. "ఇంకో మూడేళ్లు! మూడేళ్లలో హాళ్లల్లో గబ్బిలాలు తప్ప ఎవరూ ఉండరు!" అని రంగనాయకులు విలేకరుల ముందు బల్ల గుద్దారు. ఆ బల్ల నేనే. ఉయ్యూరు బస్టాండు దగ్గర నవజీవన్ వీడియో లైబ్రరీ అనే కొట్టు మీద స్వయంగా పోలీసుల్ని తీసుకెళ్లి క్యాసెట్లు పగలగొట్టించారు కూడా. మూడేళ్లు గడిచాయి, జనం హాళ్లకు వస్తూనే ఉన్నారు. ఈలోగా కేబులు టీవీ వచ్చింది. మళ్లీ మూడేళ్లు. ఆ తరవాత సీడీలు, మూడేళ్లు. పెన్‌డ్రైవులు, మూడేళ్లు. చివరికి ఆన్‌లైన్. గడువు తీరిన ప్రతిసారీ, మీరు చెప్పినట్టు సినిమా చావలేదేమండీ అని ఎవరూ అడగకపోవడానికి కారణం ఉంది. అప్పటికి ఆయనకు కొత్త శత్రువు దొరికి ఉండేవాడు.

నేను దొంగల పక్షం కాదు. కష్టపడి తీసిన సినిమాను పొద్దున్న విడుదలైతే మధ్యాహ్నానికి దొంగిలించేవాడి మీద నాకూ ఒళ్లు మండుతుంది. కానీ ఏడ్చేవాడు మరీ రాగం తీస్తే, నిజంగా ఏడుస్తున్నాడా అని అనుమానం వస్తుంది కదా, అదీ నా బాధ.

చిత్ర సంరక్షణ సమితి అని ఒకటి పెట్టారు. రంగనాయకులు అధ్యక్షుడు, భుజంగరావు కార్యదర్శి. పైరసీ వల్ల ఏడాదికి ఎంత నష్టమో పత్రికలకు చెప్పాలి. ఆ లెక్క నా మీద టీ పెట్టుకునే తేల్చారు.

"వెయ్యి కోట్లు అందామా?" అన్నారు రంగనాయకులు.

"వెయ్యంటే నోటికొచ్చింది చెప్పినట్టు ఉంటదండి. రెండువేల ఏడువందల పద్దెనిమిది కోట్లు అనండి. చివర్న పద్దెనిమిది ఉంటే కూర్చుని లెక్కేసినట్టు ఉంటది," అన్నాడు భుజంగరావు.

రంగనాయకులు వేళ్ల మీద అంకెలన్నీ కూడుకున్నారు. పద్దెనిమిది వచ్చింది, ఒకటీ ఎనిమిదీ కలిపితే తొమ్మిది. ఆయన అదృష్ట సంఖ్య తొమ్మిదే. మర్నాడు పేపర్లన్నీ అదే అంకె వేశాయి.

కిందటేడు భుజంగరావుకు ఇంకా గొప్ప ఆలోచన వచ్చింది. గాంధీనగర్‌లో సినిమాకు శవయాత్ర చేయాలి. పాత రీలు పెట్టెను పాడె మీద పెట్టి ఊరేగించి, మైదానంలో చితి పేర్చి తగలబెట్టాలి. "టీవీల వాళ్లకు మంట కావాలండీ, మంట లేకపోతే కెమెరా తిప్పరు," అన్నాడు, తాగిన గ్లాసు నా మీద పెడుతూ. కాల్చబోయేది నన్నే అని నాకు అప్పుడు అర్థమైంది. రేకు కాలుతుందా అని ఒక్కరికీ తోచలేదు. చావను గానీ, పెట్రోలు పోసి అంటిస్తే అతుకులు కరిగి విడిపోతాను, అక్షరాలు మాడిపోతాయి, మళ్లీ దేన్నీ దాచుకోలేను. పెట్టెకు అంతకన్నా చావేముంది?

అయితే శవయాత్ర పెట్టడం తేలిక, సినిమావాళ్లతో పాడె మోయించడం కష్టం. వచ్చే శుక్రవారం సినిమా ఉన్న నిర్మాత అశుభం అన్నాడు. పై శుక్రవారం ఉన్నవాడు మా ఆవిడ ఒప్పుకోదన్నాడు. హీరోలు వీడియోల్లో కన్నీళ్లు పెట్టి పంపారు. చివరకు నలుగురు జూనియరు ఆర్టిస్టుల్ని కూలికి మాట్లాడారు. "సినిమా చచ్చిపోయింది" అని బ్యానరు రాయిస్తే, అందులో అపశకునం ఉందని "చచ్చిపోబోతోంది" అని దిద్దించారు. సిద్ధాంతిని పిలిచి దహనానికి ముహూర్తం పెట్టించారు: పదకొండు నలభై లోపు, ఆ తరవాత వర్జ్యం. బయల్దేరే ముందు దిష్టి తగలకుండా పాడె ముందు గుమ్మడికాయ కొట్టి, నాకు హారతి ఇచ్చారు. నూరేళ్లు చల్లగా ఉండమని దీవించి శ్మశానానికి తీసుకెళ్లిన శవం, నాకు తెలిసినంతలో, నేనొక్కదాన్నే.

ఇక పైరసీ దెబ్బ తిన్న మనిషి ఒకడు కావాలి. రంగనాయకులకు దేవదానం గుర్తొచ్చాడు. డెబ్బై దాటిన మనిషి, మోకాళ్ల నొప్పులు, ఉయ్యూరులో కూతురు గ్రేస్ దగ్గర ఉంటున్నాడు. ఆమె అంగన్‌వాడీ టీచరు. తండ్రిని చెయ్యి పట్టుకుని ఆఫీసుకు తీసుకొచ్చింది. ఇరవై ఏళ్ల తరవాత నేను అతన్ని చూశాను. జుట్టు పూర్తిగా తెల్లబడింది. వస్తూనే నా మూత మీద చెయ్యి వేసి, అలవాటుగా ఎడమ పక్క నిమిరాడు. నాకు ప్రాణం లేచి వచ్చింది.

"నువ్వేం ఎక్కువ మాట్లాడక్కర్లేదు. 'పైరసీ వల్ల నా ఉద్యోగం పోయింది, నా కుటుంబం రోడ్డున పడింది' అని ఈ కాయితం చదువు, చాలు," అన్నారు రంగనాయకులు.

దేవదానం కాగితం వైపు చూడలేదు. "చదువుతానండి. ఆ సినిమా ఏయిస్తానన్నారు గదండీ. సలోమి పోయి పన్నెండేళ్లయింది. బొమ్మ నా దగ్గరుంది, గొంతే మర్చిపోతన్నా. పొద్దున్నే లేచి గుర్తుచేసుకుందామంటే రావట్లేదండి. ఒక్కసారి ఇంటే చాలు."

రంగనాయకులు ఈ మాటకు పన్నెండేళ్లుగా ఫోనులో ఒకటే జవాబు చెబుతున్నారు. "తప్పకుండా. ఈసారి తప్పకుండా వేయిస్తాను," అన్నారు, గోడ మీద గడియారం వైపు చూస్తూ. అబద్ధం చెప్పేటప్పుడు ఆయన ఎప్పుడూ గడియారం చూస్తారు. నాకు నోరుంటే గాజుల సంగతి అక్కడే చెప్పేసేదాన్ని. చెప్పి ఏం లాభం, ముసలాయన గుండె పగలడం తప్ప?

అసలు దేవదానం ఉద్యోగం ఎలా పోయిందో కూడా చెప్పాలి. సుభాషిణి టాకీసును రంగనాయకులు సుభాషిణి కల్యాణ మండపంగా మార్చేశారు. మెషీను గదిలో ఇప్పుడు వంటపాత్రలు పెడుతున్నారు. అందులో ఏ దొంగ సైటు ప్రమేయమూ లేదు.

ఆ ఉదయం నన్ను పాడె మీద కట్టారు. జూనియరు ఆర్టిస్టుల్లో పెద్దవాడు నూటికి పైగా సినిమాల్లో పాడె మోసినవాడు. భుజం మార్చేటప్పుడు కెమెరాకు ముఖం ఎలా ఇవ్వాలో మిగతా ముగ్గురికీ నేర్పాడు. డప్పులు మోగాయి. దారిలో టీ కొట్టుదగ్గర ఎవరో, "ఎవురండీ పోయింది?" అని అడిగాడు. "సినిమా," అన్నాడు భుజంగరావు విచారంగా. "అయ్యో, మేం సాయంత్రం ఆటకి బుక్ చేసుకున్నామే!" అన్నాడు అడిగినవాడు.

అన్నిటికన్నా పెద్ద బ్యానరు ఒకటి మా ముందు నడిచింది. "ఈ ఇరవై మూడు దొంగ సైట్లను బహిష్కరించండి" అని పైన, కింద ఇరవై మూడు పేర్లూ వరసగా, మూరెడు అక్షరాలతో. ఒక్క అక్షరం పొల్లు పోకూడదని భుజంగరావు మూడు రాత్రులు కూర్చుని సరిచూశాడు. రోడ్డుకు రెండు వైపులా జనం ఫోన్లు తీసి ఆ బ్యానరును ఫొటోలు తీసుకుంటున్నారు. కాలేజీ ఆడపిల్లలు, ఆటోవాళ్లు, మామిడికాయలమ్మే ఆవిడ కూడా. "చూశావా భుజంగం, జనంలో ఎంత చైతన్యం వచ్చిందో!" అని రంగనాయకులు కళ్లు తుడుచుకున్నారు.

మైదానంలో కట్టెల మీద నన్ను పెట్టారు. పదకొండు దాటింది. దేవదానాన్ని నా పక్కనే కుర్చీలో కూర్చోబెట్టారు, ముందు ఉపన్యాసాలు, తరవాత అతని మాట, ఆ వెంటనే నిప్పు. ఉపన్యాసాలు సాగుతుంటే గ్రేస్ ఎండకు కొంగు కప్పుకుని, తోచక ఎదురుగా ఉన్న బ్యానరు చదివింది. ఫోను తీసి ఒకటో పేరు కొట్టింది. 'ఏటి ఒడ్డున ఎర్రబస్సు' అని వెతికింది. లేదు. రెండోది, మూడోది. ఏడో సైటులో ఆమె వేలు ఆగిపోయింది.

"నాన్నా," అంది, "ఉంది."

"ఏముంది?"

"అమ్మ సినిమా."

దేవదానం ఫోను అందుకున్నాడు. బొమ్మ మసకగా ఉంది, మధ్యలో తెల్లటి చారలు, మూలన ఎవరిదో కొట్టు పేరు కదులుతోంది. గ్రేస్ ముందుకు జరుపుతూ జరుపుతూ బస్సు దగ్గరికి తెచ్చింది. బస్సెక్కుతోంది సలోమి, చంకలో కోడి. ఆమె నోరు కదిలింది. డప్పుల మోతలో, మైకు హోరులో, ఒక్క ముక్క వినబడలేదు. దేవదానం ఫోనును చెవికి ఆనించుకుంటే బొమ్మ కనబడదు, ఎదురుగా పెట్టుకుంటే మాట వినబడదు. "వినపడట్లేదమ్మా," అన్నాడు. డెబ్బై ఏళ్లు దాటిన మనిషి, చిన్నపిల్లాడిలా అన్నాడు.

అప్పుడు అతను నా వైపు చూశాడు. కుర్చీలోంచి లేచి, మోకాళ్లు పట్టుకుని కట్టెల మీదికి వంగి, నా మీది దండ తీసి పక్కన పెట్టాడు. బొటనవేలు ఎడమ పక్క ఆనించాడు. "రా తల్లీ," అన్నాడు. నేను తెరుచుకున్నాను. ఫోనును నాలో నిలబెట్టాడు.

ముప్పై ఏడేళ్ల తరవాత ఆ సినిమా మళ్లీ నా కడుపులోకి వచ్చింది. రేకు గోడలకు తగిలి సలోమి గొంతు బయటికి దూకింది: "కోడిక్కూడా టిక్కెట్టేందయ్యా, అదేమన్నా కిటికీ పక్కన కూకుంటదా?"

దగ్గర్లో ఉన్న డప్పులవాడు నవ్వాడు, కర్రలు ఆపాడు. రెండోవాడూ ఆపాడు. జూనియరు ఆర్టిస్టులు వంగి చూశారు. దేవదానం నవ్వుతున్నాడు, ఇరవై అయిదోసారి. కళ్ల నుంచి నీళ్లు ధారగా కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. "అదే, అదేనమ్మా, 'కూకుంటదా' అని సాగదీసేది గుర్తుందా? నేను 'టిక్కెట్టు' దాకే గుర్తుపెట్టుకున్నా, ఆ సాగదీసేది మర్చిపోయా," అంటున్నాడు కూతురితో.

మైకు దగ్గరనుంచి రంగనాయకులు విసవిసా వచ్చారు. "ఏందయ్యా దేవదానం, ముహూర్తం దాటిపోతంటే! శవాన్ని తెరుస్తారా ఎవరన్నా?" అంటూనే, నాలోకి తొంగి చూశారు. ఎర్రబస్సు ఏటి గట్టు మీద మలుపు తిరుగుతోంది. ఆ మలుపు కోసం రెండు రోజులు మబ్బు తొలగే దాకా కూర్చున్నారట ఆయన. తన మొదటి సినిమా. మూలన కదులుతున్న కొట్టు పేరు చదివారు: నవజీవన్ వీడియో లైబ్రరీ, ఉయ్యూరు.

"వీడి క్యాసెట్లే కదయ్యా నేను పగలగొట్టించింది!" అన్నారు నెమ్మదిగా. "ఒకటి మిగిలిపోయిందన్న మాట." ఆ గొంతులో కోపం వెతికాను, దొరకలేదు. పంచె ఎగదోసుకుని కట్టెల మీద, దేవదానం పక్కన చతికిలబడ్డారు. "ఇంకోసారి వెనక్కి తిప్పమ్మా."

గ్రేస్ తిప్పింది. మళ్లీ తిప్పింది. ముగ్గురూ నా మీదికి వంగి చూస్తుండగా, చుట్టూ జనం మూగారు. భుజంగరావు అగ్గిపెట్టె పట్టుకుని చెమటలు కక్కుతూ వచ్చాడు. "అయ్యా, పదకొండు నలభై ఒకటి. వర్జ్యం వచ్చేసింది."

వర్జ్యంలో నిప్పు పెట్టే ధైర్యం ఆ మైదానంలో ఒక్కరికీ లేదు. నా అంత్యక్రియలు అలా వాయిదా పడ్డాయి.

"ఈ ఇరవై మూడూ ఎప్పుడు మూయిస్తన్నాం?" అని అడిగారు రంగనాయకులు.

"సాయంత్రానికల్లా అండి. ఫిర్యాదు పంపించేశాం," అన్నాడు భుజంగరావు గర్వంగా.

రంగనాయకులు ముఖం మాడిపోయింది. గ్రేస్ వైపు వంగి, ఎవరూ వినకుండా అడిగారు. "అమ్మాయ్, దాన్ని దించుకోవడం... అదే, మన దగ్గర పెట్టుకోవడం కుదురుతుందా? సాయంత్రం లోపు?"

"కుదురుద్ది సార్. కానీ అది దొంగతనం కదా?" అంది ఆమె, నవ్వకుండా.

"దొంగతనం ఏందమ్మా?" అన్నారాయన. "అడ్జస్ట్‌మెంటు!" ఆ మాట నోటి వెంట వచ్చాక, ఎక్కడో విన్నట్టు అనిపించిందేమో, ఒక్క క్షణం ఆగి నా వైపు చూశారు.

మైకులో దేవదానం పేరు పిలిచారు. గ్రేస్ చెయ్యి పట్టుకుని వెళ్లి నిలబడ్డాడు. జేబులో కాగితం ఉంది, తీయలేదు. కెమెరాలన్నీ తిరిగాయి. రంగనాయకులు నా పక్కన కట్టెల మీదే కూర్చుని ఉన్నారు. ప్రింటు లేదన్న సంగతి ఇప్పుడు ఎలాగూ దాగదు. ప్రింటే ఉంటే ఈ చారల బొమ్మ కోసం నిర్మాత అంతగా ఎగబడడని ముప్పై ఏళ్లు మెషీను తిప్పినవాడికి ఒకరు చెప్పాలా?

"అందరికీ నమస్కారమండి," అన్నాడు దేవదానం. "నాకు మాట్లాడ్డం రాదు. ఒక్కటే చెప్తా. రంగనాయకులు గారు నా భార్య సినిమా ఏయిస్తానని పన్నెండేళ్ల కిందట మాటిచ్చారండి. ఇయ్యాల ఆ మాట నిలబెట్టుకున్నారు. ఆయన బ్యానరు కట్టకపోతే నాకు దొరికేది కాదు. అంతేనండి."

జనం ఏమీ అర్థం కాకపోయినా గట్టిగా చప్పట్లు కొట్టారు. రంగనాయకులు కట్టెల మీంచి లేచి వచ్చి, దేవదానం రెండు చేతులూ పట్టుకుని, "ప్రింటు లేదయ్యా. గాజులవాడికి అమ్మేశా. నీకు చెప్పలేకపోయా," అన్నారు. ఆయన గడియారం చూడలేదు.

"తెలుసులెండి," అన్నాడు దేవదానం. "ఆ పెట్టె నాకిచ్చేయండి."

ఇప్పుడు నేను ఉయ్యూరులో గ్రేస్ వాళ్ల వరండాలో ఉంటున్నాను. సమితి ఇంకా ఉంది. సినిమా ఇంకో మూడేళ్లలో చచ్చిపోతుందని మొన్న కూడా టీవీలో చెప్పారు. రంగనాయకులు ఆ సభకు వెళ్లారు, వెళ్లి నాలుగు మాటలు చెప్పారు, కానీ బల్ల గుద్దలేదట. నెలకోసారి కారులో ఇక్కడికి వస్తారు, ఊరికే చూసి పోదామని వచ్చానంటారు.

రోజూ సాయంత్రం ఆరున్నరకు, అంటే మొదటి ఆట వేళకు, దేవదానం బొటనవేలు ఎడమ పక్క ఆనిస్తాడు. నేను తెరుచుకుంటాను. ఆ రోజు సాయంత్రం లోపే గ్రేస్ సినిమా దించి పెట్టిన ఫోను నాలో నిలబెడతాడు, చుట్టుపక్కలవాళ్లు ముగ్గురో నలుగురో వచ్చి కూర్చుంటారు. నా మూత మీద ఎర్ర అక్షరాలు చెక్కు చెదరలేదు: ఈ పెట్టెలోని ఫిల్మును అనుమతి లేకుండా ప్రదర్శించుట నేరము. ఆ నేరం ఈ వరండాలో రోజూ జరుగుతోంది. మీరు ఎవరికైనా చెప్పాలనుకుంటే చెప్పుకోండి. ఏడో రీలు వచ్చిందంటే, సలోమి మాట్లాడినంతసేపూ నేను మాత్రం మూత వేసుకోను.